సముద్రంలో ఐదు వందల మీటర్లు

మా ఊళ్ళో ఆడవాళ్ళకి ఈత రాదు. ఈ మాట చెబితే విజయనగరంలో ఎవరూ నమ్మేవారు కాదు. మా ఇంటి గడప దిగి నాలుగు అడుగులేస్తే ఇసక, ఇంకాస్త ముందుకెళితే సముద్రం. అక్కడ పుట్టి పెరిగిన మనిషికి ఈత రాకపోవడం ఏమిటనేవారు. మగవాళ్ళు చేపల వేటకి వెళ్ళేవారు. తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకి ఆడవాళ్ళం గంపలు పట్టుకుని మోకాలి లోతు దాకా దిగి, చేపలు ఎత్తుకుని వెనక్కి వచ్చేసేవాళ్ళం. చిన్నప్పుడు నేను ఇంకో అడుగు ముందుకేస్తే మా అమ్మ వెనక నుంచి జడ పట్టుకుని లాగేది. నాన్న నీటి మీద ఉండగా గాలి తిరిగిన రోజుల్లో వీధిలోని ఆడవాళ్ళందరూ ఇసకలోకి వచ్చి నిలబడేవారు.  ఒక్కొక్క తెప్పా కనబడేకొద్దీ ఒక్కొక్క ఆడమనిషీ ఇంటికి వెళ్ళిపోయేది. మా అమ్మ ఎప్పుడూ చివరి ముగ్గురిలో ఉండేదని నాకు గుర్తు. అది నిజమో, నా భయం అలా గుర్తుపెట్టుకుందో తెలియదు.

నర్సింగు చదువుకుని విజయనగరంలో ఒక ఆసుపత్రిలో చేరాను. మా ఆయనకి కొత్తవలస స్టేషన్లో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్ళి వస్తారు. ముప్పై మూడో ఏడు వచ్చేసరికి నాకు నడుం నొప్పి పట్టుకుంది. మా ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారు ఒకరు ఉండేవారు. గేర్ల సైకిళ్ళ పిచ్చి అప్పుడప్పుడే విజయనగరానికి వస్తోంది. ఆయన పదిమందిని పోగుచేసి ఆదివారాలు పొద్దున్నే సైకిళ్ళ మీద తీసుకెళ్ళేవారు. మందులు రాసి ఇవ్వమంటే, నన్ను కూడా రమ్మన్నారు. పాతది ఒక గేరు సైకిలు కొనుక్కుని వాళ్ళ వెనకాల పడ్డాను. మొదట రామతీర్థం దాకా వెళ్ళి కొండ కింద టీ తాగి వచ్చేవాళ్ళం. తర్వాత గజపతినగరం రోడ్డు పట్టాం. ఏడాది తిరిగేసరికి నలభై కిలోమీటర్లు తొక్కినా నడుం గుర్తు రావడం మానేసింది.

ఆ చలికాలం మొదట్లో ఒక ఆదివారం, టీ కొట్టు దగ్గర డాక్టరుగారు ఫోను అందరికీ చూపించారు. కళింగపట్నం తీరంలో చిన్న ట్రయాథ్లాన్ పెడుతున్నారట. సముద్రంలో ఐదు వందల మీటర్ల ఈత, ఒడ్డెక్కగానే ఇరవై కిలోమీటర్ల సైకిలు, దిగగానే ఐదు కిలోమీటర్ల పరుగు. మధ్యలో ఆగడం ఉండదు. కొత్తవాళ్ళ కోసమే దూరాలు తగ్గించారని చెప్పి, ఎవరెవరు పేర్లిస్తారని అడిగారు. ఐదుగురు చేతులెత్తారు. ఆయన నావైపు తిరిగి, "భయమంతా మాదేనమ్మా, మీకేం, సముద్రం పుట్టిల్లే కదా," అన్నారు.

నేను నవ్వాను. ఆ నవ్వే ఒప్పుకోలు కింద జమైపోయింది, నా పేరు కూడా రాసేశారు. నాకు ఈత రాదు సార్ అని అప్పుడే అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చదువుకున్నవాళ్ళ మధ్య నాది అని చెప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్క సముద్రమే. ఆ పూట దాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. 

పందేనికి నాలుగు నెలల టైముంది. ఊళ్ళో ఈతకొలనులో పొద్దున్న ఒక గంట ఆడవాళ్ళకి ఇచ్చేవారు. అక్కడ చేరాను. నా పక్కనంతా స్కూలు పిల్లలు. నేర్పించే ఆవిడ నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి మొహం ముంచమంది. ముంచలేకపోయాను. నీళ్ళు చెవుల్లోకి వెళ్ళగానే ఎవరో నా తల మీద చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు అనిపించేది. మొదటి వారం అంతా గట్టు పట్టుకుని కాళ్ళు ఆడించడంతోనే సరిపోయింది. రెండో వారంలో మొహం ముంచి, కళ్ళు తెరిచి, కింద నీలం పలకల మధ్య గీతల్ని చూశాను. ఆ గీతల్ని పట్టుకునే ఈత నేర్చుకున్నాను. నేల కనిపిస్తూ ఉంటే భయం కాస్త దూరంగా ఉండేది. మూడు నెలలకి ఆ చివర నుంచి ఈ చివరకి ఇరవై సార్లు, నత్తలా, ఆగకుండా తిరగగలిగాను. లెక్క ప్రకారం ఐదు వందల మీటర్లు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే సంతోషించారు. నాకు మాత్రం ఇక తప్పించుకోడానికి సాకు లేకుండా పోయినట్టు అనిపించింది.

సముద్రానికి గీతలుండవు. అందుకని మా అన్నయ్య దగ్గరికి వెళ్ళాను.

అన్నయ్య నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నాన్న తర్వాత తెప్ప వాడే తీసుకున్నాడు. మా ఊరు కళింగపట్నానికి దగ్గరే, రెండు ఊళ్ళ అవతల. నేను విషయం చెప్పినంతసేపూ వాడు వల కడుగుతూ వింటున్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఎందుకే నీకు?" అన్నాడు.  మాట ఇచ్చేశానన్నాను. అమ్మకి చెప్పొద్దన్నాను. అమ్మకి సైకిలు పందెం అని మాత్రమే చెప్పాను.

ఆదివారం తెల్లారి, అమ్మ చేపలు అమ్మడానికి వెళ్ళాక, తెప్ప మీద కెరటాలు దాటించి, నీరు మట్టంగా ఉండే చోటికి తీసుకెళ్ళాడు. తెప్ప పక్కన తాడు వేలాడదీసి, అది పట్టుకుని దిగమన్నాడు. దిగాను. నీరు పైన గోరువెచ్చగా ఉంది, కాళ్ళ దగ్గర చల్లగా ఉంది. వంగి చూస్తే నా పాదాలు నాకు కనబడలేదు. ముదురాకుపచ్చ రంగు కింద ఇంకేమీ లేదు. అంతే, తాడు పట్టుకుని కేకలేస్తూ పైకి ఎక్కేశాను. మోచేతులు గీసుకుపోయాయి. అన్నయ్య ఒడ్డుకి తీసుకొచ్చేశాడు. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు తాడు పట్టుకుని పది నిమిషాలు ఉన్నాను. ఆ తర్వాతి వారం తాడు వదిలి తెప్ప చుట్టూ ఒకసారి తిరిగాను.

వాడు నాకు ఈత నేర్పలేదు. నీరు ఎలా ఉంటుందో చెప్పాడు. కెరటం విరిగేటప్పుడు దాని కింద నుంచి దూరిపోవాలన్నాడు. ఒడ్డు నుంచి లోపలికి లాగే నీరు ఒకటి ఉంటుంది, కొత్తవాళ్ళని తీసుకుపోయేది అదేనన్నాడు. "లాగితే ఎదురెల్లకు అమ్మీ. పక్కకి ఈదు. ఒడ్డు కనబడతన్నాది కదాని దానికేసి కొట్టుకున్నావంటే అలిసిపోతావు." అలా అయిదు ఆదివారాలు వెళ్ళాను. ఐదో ఆదివారం కూడా దిగేముందు తాడు ముడి రెండుసార్లు లాగి చూసుకున్నాను.

పందెం రోజు పొద్దున్న కళింగపట్నం ఒడ్డున అరవై మంది దాకా పోగయ్యారు. విశాఖపట్నం నుంచి, ఇంకా దూరం నుంచి కూడా వచ్చారు. చేతుల మీద నంబర్లు రాసి, నారింజరంగు టోపీలు ఇచ్చారు. నీళ్ళలో రెండు ఎర్ర డ్రమ్ములు కట్టి ఉన్నాయి. నేరుగా మొదటి డ్రమ్ము దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఒడ్డుకి సమాంతరంగా ఉత్తరం వైపు రెండో డ్రమ్ము దాకా ఈది, తిరిగి ఒడ్డుకి రావాలి. కాపలాకి మా వాళ్ళ తెప్పలే మూడు మాట్లాడుకున్నారు. ఈతగాళ్ళ మధ్య ఇంజను పడవ ప్రమాదమని తెడ్డుతో నడిపే చిన్నవి తీసుకున్నారు. అందులో ఒకటి అన్నయ్యది.

రాత్రి నుంచీ దక్షిణం గాలి. ఒడ్డున కెరటాలు మామూలుగానే కనబడుతున్నాయి గానీ, వాటి అవతల నీరు ముడతలు పడి నల్లగా ఉంది. తెప్ప తొయ్యబోయే ముందు అన్నయ్య నా దగ్గరికి వచ్చాడు.

"నీరు బాగునేదు. పేరు కొట్టించీసుకో."

"నువ్వుంటావు కదా," అన్నాను.

వాడు కాసేపు నీటికేసి చూసి, "ఉంటాను," అన్నాడు.

డాక్టరుగారు చేతులు తిప్పుకుంటూ హుషారుగా ఉన్నారు. నా పక్కన ఒక కుర్రాడు, పాతికేళ్ళుంటాయి, భుజాల మీద నీలం చారలున్న ఈత దుస్తులు వేసుకుని, కండలు తిరిగి, అందరికీ ధైర్యం చెబుతున్నాడు. వాళ్ళందర్నీ చూస్తుంటే నాకు ఇంకా భయం వేసింది. ఏం చూసి భయపడాలో వాళ్ళకి తెలియదనిపించింది. నాకు తెలుసు. గాలి తిరిగిన రోజున ఇసకలో నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు చూసి పెరిగాను. రెండుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చాను. మూడోసారి వెళ్ళబోతుంటే విజిల్ వేశారు.

మొదటి కెరటం కింద నుంచి దూరాను, రెండోదాని కిందా దూరాను. మూడోది ముందే విరిగి నన్ను వెనక్కి విసిరేసింది. లేచి మళ్ళీ వెళ్ళాను. కెరటాలు దాటాక నలుగురైదుగురు నన్ను తాకుతూ ముందుకి పోయారు. ఎవరిదో మడమ నా ఈత కళ్ళద్దాలకి తగిలి లోపలికి నీళ్ళొచ్చాయి. ఉప్పు మండింది. తల ఎత్తి గాలి పీల్చబోతే నీరే లోపలికి పోయింది. మొదటి డ్రమ్ము ఎలా దాటానో నాకు సరిగ్గా గుర్తు లేదు. దాటాక మాత్రం ఊపిరి అందడం మానేసింది. గాలి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. నేర్చుకున్న ఈత ఏదీ చేతులకి గుర్తు రాలేదు. అన్నియ్యా అని అరిచాను. అరుపు నాకే వినబడలేదు.

కానీ వాడు నన్ను కనిపెట్టే ఉన్నాడు. తెప్ప పక్కకి వచ్చింది. తాడు పట్టుకున్నాను. తెప్ప పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, దానితో ముందుకి మాత్రం జరగకూడదు, అదీ నియమం. అన్నయ్య తెడ్డు ఆపి కూర్చున్నాడు. ఎక్కు అనలేదు, ఎల్లు అనలేదు. నేను తాడుని రెండు చేతులతో గుండెకి అదుముకుని ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై దాకా లెక్కపెట్టి, పైకి లాగమని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. డాక్టరుగారు ఏమనుకున్నా ఫరవాలేదు. పద్నాలుగో పదిహేనో అన్నప్పుడు అన్నయ్య ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

వాడు చూసిన వైపు చూశాను. మాకు అవతల, లోపలికి, నలభై గజాల దూరంలో నీలం చారల కుర్రాడు. ఈదటం లేదు. నీళ్ళలో నిటారుగా ఉన్నాడు. తల వెనక్కి వాలిపోయి నోరు నీటి మట్టానికి ఉంది. అరవడం లేదు. రెండు చేతులూ పక్కలకి పెట్టి నీటిని కిందికి నొక్కుతున్నాడు, నిచ్చెన మెట్లు వెతుక్కుంటున్నట్టు. ఒకసారి ములిగి తేలాడు. మిగతా తెప్పలు రెండూ డ్రమ్ముల దగ్గర దూరంగా ఉన్నాయి.

అన్నయ్య కూర్చుని తెడ్డు అందుకున్నాడు.

"అమ్మీ, తాడు ఒగ్గీ."

వదిలెయ్యమంటున్నాడని నాకు అర్థం కాలేదు. నన్ను పైకి ఎక్కించుకుంటాడనే అనుకున్నాను.

"ఒగ్గీ. నిన్నెక్కించీంతలో ఆడు పోతాడు."

నా వేళ్ళు విడలేదు. ఈ సంగతి నేను చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. వాడు చెప్పింది వినబడింది, అర్థమైంది, ఆ మనిషి మళ్ళీ ములగడం కూడా కళ్ళారా చూశాను. అయినా వేళ్ళు విడలేదు. నాలుగు సెకన్లో, ఐదో. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, ఐదు సెకన్లంటే ఏమిటో నాకు తెలుసు. అన్నయ్య వంగి నా వేళ్ళు విడదీయలేదు. కసురుకోలేదు. నావైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వదిలాను.

తెప్ప వెళ్ళిపోయింది. తెడ్డు చప్పుడు రెండు మూడు సార్లు వినబడి ఆగిపోయింది.

అంత ఒంటరిగా నేను ఎప్పుడూ ఎక్కడా లేను. చుట్టూ ఒక్క టోపీ కూడా లేదు. వెల్లకిలా తిరిగి తేలాను. ఈతకొలనులో ఆవిడ నేర్పినవాటిలో అదొకటి. చెవులు నీటిలో ఉంటే నా గుండె చప్పుడే వినబడుతోంది, పక్క గదిలో ఎవరో తలుపు బాదుతున్నట్టు. ఆకాశంలో మబ్బులేదు. ఏడుపు వస్తే నీళ్ళు మింగుతానని ఏడవలేదు. అమ్మ ఒడ్డున ఉండకూడదు దేవుడా అనుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తర్వాత బోర్లా తిరిగి ఒడ్డు వెతికాను. లైట్‌హౌస్ కనబడింది. కెరటం నన్ను ఎత్తినప్పుడు కనబడటం, దించినప్పుడు మాయమవడం. కనబడినప్పుడల్లా అటు నాలుగు బారలు వేసేదాన్ని, మాయమైనప్పుడు ఆగేదాన్ని. నీరు నన్ను ఉత్తరం వైపు లాక్కుపోతోందని తెలుస్తూనే ఉంది. ఎదురెళ్ళలేదు. అదే నన్ను రెండో డ్రమ్ము దాకా తీసుకెళ్ళింది. డ్రమ్ము పట్టుకుని కాసేపు వేలాడి, ఒడ్డు వైపు తిరిగాను. ఒడ్డు దగ్గర ఒక కెరటం నన్ను ఎత్తి బోర్లా పడేసింది. మోకాళ్ళకి ఇసక గీసుకుని మంట పుట్టింది. నేల తగిలిందన్నమాట. నాలుగు కాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చాను.

తల ఎత్తేసరికి ఎదురుగా అమ్మ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా తమాషా చూడటానికి వచ్చినట్టే తనూ వచ్చింది. నారింజ టోపీ కింద ఉన్నది నేనని అప్పుడే చూసినట్టుంది. కొడుతుందనుకున్నాను. నా జబ్బ పట్టుకుని లేపింది.

"అన్న ఏడే?"

వెనక్కి తిరిగి చూశాను. వాడి తెప్ప చాలా దూరంలో, ఉత్తరంగా కొట్టుకుపోతూ చిన్నగా కనబడుతోంది. ఒక మనిషి తెడ్డు వేస్తున్నాడు. ఇంకో మనిషి ఉన్నాడో లేడో తెలియడం లేదు. నిర్వాహకులు మైకులో ఏదో అరుస్తున్నారు. ఇంకా నీళ్ళలో ఉన్నవాళ్ళ కోసం మిగతా తెప్పలు తిరుగుతున్నాయి. మునిగిపోతున్న కుర్రాడి కోసం అన్నయ్య వెళ్ళాడని అమ్మకి రెండు ముక్కల్లో చెప్పాను. తాడు సంగతి చెప్పలేదు.

అమ్మ కళ్ళు చిట్లించి తెప్పనే చూస్తోంది. "ఒక్కడే ఈ కెరటాల్లోంచి మనిషిని ఒడ్డెక్కించనేడు," అంది. "నది కలిసే కాడికి ఎల్తాడు. అక్కడ నీరు నెమ్మది. నీకు సైకిలుంది కదా, బేగి ఎల్లు."

సైకిళ్ళు పెట్టిన చోటికి పరిగెత్తాను. తడి బట్టల మీదే, మేజోళ్ళు లేకుండా బూట్లు తొడుక్కుని సైకిలెక్కాను. రోడ్డు మొదట్లో జెండా పట్టుకున్న అమ్మాయి శ్రీకాకుళం దారి చూపించింది. నేను రెండో వైపు తిప్పాను. "మేడం, అటు కాదు," అని వెనక నుంచి అరుస్తూనే ఉంది.

సరుగుడు తోటల్లోంచి వంశధార నది ముఖద్వారం దాకా ఇసక బాట ఉంది. సగం దూరం తొక్కగలిగాను. ఆ తర్వాత చక్రాలు దిగబడిపోతుంటే సైకిలు అక్కడే పడేసి పరిగెత్తాను. నీళ్ళలో నాకు నా ప్రాణం గురించే భయం. ఇక్కడ అది వేరే రకం. అన్నయ్య ఏమయ్యాడు, ఆ కుర్రాడు ఏమయ్యాడు, ఈ రెండింటి మధ్యా నా ఐదు సెకన్లు. ఆ కుర్రాడు పోతే అవి ఎవరికీ తెలియవు. నాకు తెలుస్తాయి. ఆయాసానికి పక్కలో పోటు వచ్చినా ఆగలేదు. ఆగితే అదే ఆలోచన.

నది ఒడ్డున తెప్ప సగం ఇసకలోకి లాగి ఉంది. ఆ కుర్రాడు ఇసకలో పడి ఉన్నాడు, అన్నయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాడి వీపు మీద గట్టిగా తడుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆ కుర్రాడు నీళ్ళు కక్కుతున్నాడు.  చేతులు వాటి పని అవి చేశాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టాను, నోరు తుడిచాను, నాడి చూశాను. పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి ఎగశ్వాసగా ఉంది గానీ ఆడుతోంది. అన్నయ్య తలగుడ్డ, పైన చొక్కా తీసి కప్పాను. అన్నయ్య మొలలో ప్లాస్టిక్ సంచిలో కట్టుకున్న ఫోను తీసుకుని 108కి చేశాను. పేరు అడిగితే ఆ కుర్రాడు చెప్పాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని, "రోజూ ఈదుతాను మేడం, రోజూ ఈదుతాను," అంటూనే ఉన్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

అంబులెన్సు వెనకే ఎవరిదో మోటారుసైకిలు మీద అమ్మ వచ్చింది.  ఆ కుర్రాణ్ణి ఎక్కించుకుని అంబులెన్సు కదిలాక అమ్మ వచ్చి అన్నయ్య ఎదురుగా నిలబడింది. ఈలోగా ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో తెలియదు.

"సెల్లిని నీటిలో ఒగ్గీసి వచ్చీసినావా?"

అన్నయ్య తల ఎత్తలేదు. "ఇది ఈదుతాది," అన్నాడు. "ఆడు ఈదనేకపోతన్నాడు."

 అమ్మ నావైపు తిరిగింది. "నీకు ఈతెప్పుడొచ్చినాది?" అని అడిగింది. కోపంగా కాదు. కొత్తమనిషిని అడిగినట్టు అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చాను. జాబితా పట్టుకుని కూర్చున్నాయన, నేను దారి తప్పాను కాబట్టి లెక్కలోకి రానని మర్యాదగానే చెప్పాడు. ఎందుకు తప్పానో అప్పటికే అతనికి తెలుసు. ఇంకా రోడ్డు మీద మనుషులున్నారు, కావాలంటే పూర్తి చేసుకోండన్నాడు. పూర్తి చెయ్యాలని నాకేమీ లేదు. కానీ కూర్చుంటే దవడలు కొట్టుకుంటున్నాయి. ఒళ్ళు ఒకచోట నిలబడటం లేదు. సైకిలెక్కాను.

గాలికి ఎదురుగా పది కిలోమీటర్లు. ఒక లారీ రాసుకుంటూ పోతే హ్యాండిలు అదిరి రోడ్డు దిగిపోయాను. వెనక్కి వచ్చేటప్పుడు గాలి వీపున తోసింది. సైకిలు పెట్టేసి పరుగు మొదలుపెట్టాను. రెండో కిలోమీటరు దగ్గర, జీడి తోట పక్కన, భయం అప్పుడు వచ్చింది. అంతదాకా నేను పనిలో ఉన్నానని నాకు దారిచ్చినట్టుంది. మోకాళ్ళు మడిచి రోడ్డు పక్కన కూలబడ్డాను. నీళ్ళలో రాని ఏడుపు అక్కడ వచ్చింది.

ఎప్పుడో పరుగు ముగించేసిన డాక్టరుగారు నన్ను వెతుక్కుంటూ నడిచి వచ్చారు. పక్కన కూర్చున్నారు. నాకు నాలుగు నెలల కిందటిదాకా ఈత రాదు సార్ అని ఆయనకి చెప్పాను.  "చెప్పి ఉంటే నేను రానిచ్చేవాణ్ణి కాదు," అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నట్టు లేదు, తనని తాను తిట్టుకున్నట్టుంది. మిగిలిన మూడు కిలోమీటర్లూ ఇద్దరం కాసేపు పరిగెడుతూ, కాసేపు నడుస్తూ వెళ్ళాం. అక్కడ బల్లలు మడిచేస్తున్నారు. ఎవరో ఒక పతకం నా చేతిలో పెట్టారు.

మూడో రోజున ఆ కుర్రాడు ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళాడని తెలిసింది. అన్నయ్యకి ఫోను చేశాడట. అవతల ఏడుస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక వీడు పెట్టేశాడట.

అమ్మ అన్నయ్యతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మాట మాత్రం లేదు. వదిన ఫోను చేసి, నువ్వొచ్చి అమ్మకి చెబితే గానీ అయ్యేలా లేదంది. రెండు వారాల తర్వాత సెలవు పెట్టి వెళ్ళాను. అమ్మ చేపలు అమ్మడానికి వెళ్ళింది. అన్నయ్య తెప్ప నీడలో కూర్చుని వల చిరుగులు కుడుతున్నాడు. పక్కన కూర్చుని, తాడు వెంటనే వదలలేకపోయానని చెప్పాను. ఎన్ని సెకన్లు అనుకున్నానో చెప్పాను. ఆ కుర్రాడికి ఏమైనా అయ్యుంటే అదంతా నాదేనని చెప్పాను.

వాడు కుట్టడం ఆపలేదు. "నేను మూడుసార్లు ఎనక్కి సూసినాను," అన్నాడు. "మొదట ఉన్నావు. రెండోసారి ఉన్నావు. మూడోసారి నేవు."

కెరటం అడ్డం వచ్చి ఉంటుందన్నాను.

"అది నీకిప్పుడు తెల్సు," అన్నాడు. "నాకప్పుడు తెలీదు. తెడ్డు తిప్పీసినాను, నీయేపు. ఆడు ఇంకో పది గజాలున్నాడు. తిప్పీసినాను." ఒక ముడి బిగించాడు. "మరి ఎలాగ మళ్ళీ తిప్పినానో నాకు తెల్దు."

  మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి మీద ఉంది, సముద్రం పళ్ళెంలా ఉంది.  ఆ తిరిగిన తెడ్డునే తలుచుకుంటూ, వాడు కుడుతున్న వల చివర పట్టుకుని కూర్చున్నాను.